గడ్డకట్టని ఖర్జూరాలు

గురువారం, రాత్రి

కూర్మన్నపాలెం వెళ్లి బావను, మా చెల్లెలి మొగుణ్ణి, అద్దె ఫ్రీజర్ పెట్టెలో చూసి వచ్చాను. నిన్న రాత్రి పోయాడు. బెంగుళూరు నుంచి కూతురు వచ్చేదాకా ఉంచాలట.

ఏళ్ల తరబడి మాది ఒకటే గొడవ. నేను ఖర్జూరాలు పాలలో కాచి తింటాను, అతను ఫ్రీజర్‌లో పెట్టుకుని తింటాడు. "ఏటి బావా, మరగబెట్టి దాని సత్తువంతా సంపేత్తన్నావ్!" అని నలుగురిలో నవ్వేవాడు. యాంటీఆక్సిడెంట్లు కొన్ని వేడికి పోయినా కొన్ని గుజ్జులోంచి విడివడి పెరగవచ్చనీ, చలి ఉన్నదాన్ని కాపాడుతుందే గాని పెంచదనీ చదివి వినిపించినా ఒప్పుకోలేదు. అందుకే ఇవాళ పెట్టె మీదికి వంగి, "చలి కాపాడిందా బావా?" అని మెల్లగా అడిగాను.

బయలుదేరుతుంటే చెల్లెలు ఫ్రీజర్‌లోంచి డబ్బా తీసి ఇచ్చింది. "నీకే అన్నియ్యా. నిన్న పొద్దున్న సర్దేడు. మా బావ రేపొత్తాడు, సల్లగానే తినిపిత్తాను సూడు అన్నాడు."

ఇవాళ వస్తానని నిన్న పొద్దున్న నాకే తెలియదు.

ఇంటికొచ్చి డబ్బా తెరిచాను. అంత చలిలో ఉన్నా పండు వేలికి మెత్తగా, మనిషి పెదవిలా తగిలింది. చక్కెర ఎక్కువ కాబట్టి రాయిలా గడ్డకట్టదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా పాలు పొయ్యి మీద పెట్టే ధైర్యం రాలేదు. చల్లగానే తిన్నాను.

చచ్చి కూడా తన మాటే నెగ్గించుకున్నాడు.