పైనుంచి నీ లెక్క, కిందనుంచి నా లెక్క

మార్చి 6, గురువారం

పిచ్చుకకు,

అక్క ఆశీస్సులు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ అలాగే ఉండాలని కోరుకునే హక్కు నాకింకా ఉందనుకునే ఈ మాట రాస్తున్నాను. ఆరేళ్ళ తర్వాత ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, ఎత్తినా నేను నీళ్ళు నములుతాను. చిరునామా మీ అన్నయ్యనడిగి తీసుకున్నాను. ఆయన మీద కోప్పడకు, వారం రోజులు ఆయన ప్రాణం తీశాను.

మన స్కానింగ్ గది అలాగే ఉంది. మిషన్ మార్చారు గానీ చప్పుడు తగ్గలేదు. నీ కుర్చీలో కొత్తగా చేరినావిడ కూర్చుంటోంది. మొన్న ఒకాయన మెడ స్కాన్ తీసి, గొంతులో ఎముక ఇరుక్కుందంటూ పరుగెత్తుకొచ్చింది. వెళ్ళి చూద్దును గదా, నాలుక మొదట్లో అందరికీ ఉండే ఆ చిన్న లాడం ఎముక. మిగతా ఏ ఎముకకూ అతుక్కోకుండా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళకి మింగిన ఎముకలాగే కనబడుతుంది. నువ్వు చేరిన వారంలో అచ్చం ఇదే చేశావు. పైగా నిన్న ఏం తిన్నారో చెప్పండని అప్పుడు స్కాన్‌కొచ్చిన పెద్దాయన్ని నిలదీశావు. జ్వరమమ్మా, పాలు తప్ప ఏమీ ముట్టలేదని ఆయన బిక్కమొహం వేశాడు. అది గుర్తొచ్చి అందరి ముందూ పడీపడీ నవ్వాను. తర్వాత బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

కొత్తవాళ్ళకి నేను చెప్పే పాఠమంతా నీదే. తల స్కాన్ అయితే ముందే జబ్బు కోసం వెతకొద్దు, కుడీ ఎడమా ఒకలా ఉన్నాయో లేదో చూడండి అనేదానివి. మెదడు మధ్యలో నీళ్ళుండే గదులు రెండు పక్కలా సమానంగా కనబడితే సగం భయం తీరినట్టే అనేదానివి. మెడ అయితే ముందు గాలిగొట్టం పట్టుకోవాలి, దానికి అటూ ఇటూ ఉన్న పెద్ద రక్తనాళాలు పట్టుకోవాలి, మిగతావన్నీ వాటి చుట్టాలే అనేదానివి. తెర మీద ఎడమ పక్క కనబడేది మనిషికి కుడి అని మరిచిపోయినవాళ్ళని తెరకెదురుగా నిలబెట్టి, ఎదుటి మనిషితో చేయి కలుపుతున్నట్టు చెయ్యి చాపించేదానివి. ఇప్పుడు నేనూ చాపిస్తున్నాను. నువ్వు చేయిస్తే నవ్వేవాళ్ళు, నేను చేయిస్తే భయపడుతున్నారు.

వెన్నెముక పాఠం మాత్రం నాకు సాగదు. మన పద్ధతి ఎలా చెప్పను? నువ్వు పైనుంచి, నేను కిందనుంచి. మెడలో రెండో ఎముకకి పైకి లేచిన కొమ్ము ఉంటుంది గదా, దాన్ని ఆనవాలు పట్టి నువ్వు దిగేదానివి. మెడకి ఏడు, వీపుకి పన్నెండు, నడుముకి ఐదు. నడుము కింద ఒకటిగా అతుక్కుపోయిన ఎముక దగ్గర మొదలుపెట్టి నేను ఎక్కేదాన్ని. జబ్బున్న ఎముక దగ్గర ఇద్దరి అంకె ఒకటైతేనే బొమ్మ మీద నంబరు పెట్టేవాళ్ళం. కొంతమందికి నడుములో ఆరు ఎముకలుంటాయి, ఒక్క లెక్కనే నమ్ముకుంటే కొంప మునుగుతుంది.

ఆ బస్సు డ్రైవరు సంగతి ఎత్తకుండా ఈ ఉత్తరం ముందుకు కదలదు. ఆయన వీపులో గడ్డ. మనం పంపిన బొమ్మ మీద వీపు ఎముకల్లో ఏడోది అని ఉంది. సర్జన్ గారు మెడనుంచి లెక్కపెట్టుకుని ఏడో ఎముక దగ్గర కోశారు. గడ్డ ఎనిమిదో దాంట్లో ఉంది. వారం తిరక్కుండా ఆయన్ని మళ్ళీ కోయాల్సొచ్చింది. లేచి నడవడానికి నాలుగు నెలలు పట్టింది. విచారణలో పెద్ద డాక్టరుగారు నంబరు ఎవరు పెట్టారని అడిగితే, బొమ్మ కింద నీ పేరుంది. రోజుకి ముప్ఫై మందిని చూసే నీకు ఆ ఒక్కడూ గుర్తులేడు. నా పేరే ఉంది కదండీ, నేనే పెట్టి ఉంటాను అన్నావు. రెండు లెక్కలూ ఒకేసారి ఎలా తప్పాయక్కా అని నన్ను అడిగావు. మనుషులం గదే అన్నాను. ఆ సాయంత్రమే నువ్వు ఉద్యోగం వదిలేశావు.

కర్టెన్ల కొట్లో పనిచేస్తున్నావని మీ అన్నయ్య చెప్పారు. ప్రతి బట్టా మూడుసార్లు కొలుస్తావట, వచ్చినవాళ్ళు విసుక్కుంటారట. ఇంట్లో గ్యాస్ కట్టేశావో లేదోనని పడుకున్నదానివి లేచి లేచి చూస్తావట. అంత చెయ్యి తిరిగిన పనిమంతురాలివి. ఆ మాట విన్నప్పటినుంచి నాకు తిండి సయించడం లేదు.

అసలు విషయానికొస్తాను. కొత్తవాళ్ళకి తల, మెడ, వెన్ను బొమ్మలు చూడటం నేర్పడానికి ఇక్కడ ఒక మనిషి కావాలి. నీ పేరు చెప్పాను. పెద్ద డాక్టరుగారు ఒప్పుకోవడమే కాదు, తనే నీకు ఫోన్ చేస్తానన్నారు. సోమవారం మొదలు ఎప్పుడొచ్చినా సరే. రావే. ఆరేళ్ళుగా రెండు లెక్కలూ నేనొక్కదాన్నే పెట్టుకుంటున్నాను. పక్క కుర్చీలోంచి నువ్వు అంకె చెబుతావేమోనని ఇప్పటికీ ఒక క్షణం ఆగుతాను. నువ్వు లేని లోటు నాకు ఏ పూటా తీరలేదు.

నీ కోసం ఎదురుచూసే,
అక్క

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ తీశాను. ఇది రాయకుండా పంపితే నా అంత పిరికిది ఇంకొకతె ఉండదు.

నీ లెక్క తప్పలేదు. నువ్వు ఎనిమిదే పెట్టావు. నాకు ఏడొచ్చిందంటే, కొమ్ము దగ్గరనుంచి ఇంకోసారి చూద్దామక్కా అని చెప్పి, తర్వాతి మనిషిని పడుకోబెట్టడానికి లోపలికెళ్ళావు. ఆ డ్రైవరు నడుములో ఆరు ఎముకలున్నాయన్న, అందుకే కిందనుంచి నా లెక్క ఒకటి తగ్గిందన్న ఆలోచన నాకు తట్టలేదు. బయట వరస పెరుగుతోంది, పైగా నీకు పని నేర్పినదాన్ననే పొగరు. నీ ఎనిమిది చెరిపి ఏడు పెట్టి పంపేశాను. మిషన్ నీ పేరుతోనే తెరిచి ఉంది, బొమ్మ కింద నీ పేరే పడింది. నువ్వు వచ్చాక, మళ్ళీ చూశాను, ఎనిమిదే ఖాయం, అదే పంపానని నీకు అబద్ధం చెప్పాను. విచారణ రోజు నీ పక్కనే కూర్చుని నోరు మెదపలేదు.

ఇవాళ పొద్దున ఇదంతా రాసి, సంతకం చేసి, పెద్ద డాక్టరుగారి చేతిలో పెట్టాను. నిన్ను పిలవడానికి ఆయన ఒప్పుకున్నది అందుకే. ఆ డ్రైవరు గారింటికి రేపు వెళుతున్నాను. ఈ గదిలో నాకు ఆదివారమే ఆఖరు.

నిన్ను ఒక్కసారి చూడాలని ఆరేళ్ళుగా కొట్టుకుపోతున్నాను. నేనున్న గదిలోకి నువ్వు రాలేవు. అందుకని, నువ్వొచ్చేసరికి నేను ఉండను.