చెన్నమ్మ చావుకు మోగని పలక

గుమ్మఘట్ట మండలం,
జూన్, 2009.

ఖనిజ సర్వే ఆఫీసు ఉమాదేవి మేడమ్ గారికి, రైతు ఎర్రప్ప నమస్కారం.

మా అమ్మను పలక డప్పు మోత లేకుండా పూడ్చిపెట్టించింది మీరే.

మా చేలో పెట్టె పాతి, ఇది నేలలో చప్పుడు వింటుందని చెప్పి పోయినారు. ఈ సీమలో నేలను పరీక్ష చేసేది బోరు పాయింటు కోసమే కదా. నాడి చూసే డాక్టరు ముందు అరుస్తామా? ఊరంతా నోరు కట్టుకుంది. గొర్రెల గంటలకు గుడ్డలు చుట్టినాం. బస్సును ఊరి బయటే ఆపినాం. అప్పుడే అమ్మ చెన్నమ్మ మంచం పట్టింది. "నాకు పలకలు వద్దురా ఎర్రప్పా. నీళ్ళు పడితే సాలు" అని కన్నుమూసింది. మా దగ్గర పలక లేకుండా పోయేది దిక్కులేనివాళ్ళే. ఇంతకీ నీళ్ళు ఎక్కడున్నాయి?

ఇట్లు, కోపంతో,
ఎర్రప్ప

తా.క.: కొళాయి కాడ మారెక్క, బయమ్మ సైగలతోనే కొట్లాడుకుంటున్నారు. మాటలే మర్యాదగా ఉండేవి.

*

ఎర్రప్ప గారికి నమస్కారం.

అమ్మగారి సంగతి తెలిసి బాధపడ్డాను. కానీ ఆ పెట్టె వినేది మీ చప్పుళ్ళనే: బస్సు, గొర్రెలు, మనుషుల నడక. ఆ అదుర్లు నేలలో సాగే తీరును బట్టి లోపలి రాళ్ళ బొమ్మ గీస్తాం. వెతికేది ఖనిజాలను, నీళ్ళను కాదు. మీ ఊరు మౌనంగా ఉండటంతో మా బొమ్మ మసకగా వచ్చింది.

భవదీయురాలు,
ఉమాదేవి

తా.క.: పెట్టెలు మళ్ళీ పెడతాం. దయచేసి ఎప్పటిలా గోల చేయండి.

*

మేడమ్ గారికి నమస్కారం.

ఈ మాట ముందే చెప్పడానికి ఏం అడ్డం వచ్చింది? తాగే నీళ్ళు చూడమంటే జీపు లేదంటారు. రాళ్ళు చూడటానికి మాత్రం పొలానికో పెట్టె. మా అమ్మ త్యాగం ఎవరికీ పనికిరాలేదని రాసివ్వండి.

ఇట్లు,
ఎర్రప్ప

తా.క.: అమ్మ చావుకు కొట్టనీయలేదని పలక కొట్టే శివప్ప నాతో మాట్లాడటం మానేసినాడు. ఇంటికొచ్చి మా ఎద్దును పలకరించి పోతాడు.

*

ఎర్రప్ప గారికి నమస్కారం.

అలా రాసివ్వలేను. మీ చేను శ్మశానం దారిలోనే ఉంది కదా. అమ్మగారిని తీసుకుపోయిన రోజు ఊరంతా ఒకే దిక్కుకు, మెల్లగా నడిచిన అదురు పెట్టెలో పడింది. మా బొమ్మలో ఆ ఒక్క వైపే స్పష్టంగా ఉంది.

భవదీయురాలు,
ఉమాదేవి

*

మేడమ్ గారికి నమస్కారం.

మీ ఉత్తరం శివప్పకు చదివి వినిపించినా. మళ్ళీ చదవమన్నాడు. "అయితే పెద్దమ్మ మోత లేకుండా పోలేదప్పా" అన్నాడు నాతోనే. అంతమాత్రాన కోపం పోయిందనుకోవద్దు.

ఇట్లు,
ఎర్రప్ప

తా.క.: డిమాండ్లు:

1. ఏం వెతుకుతున్నారో ముందు ఊరికి తెలుగులో చెప్పాలి.
2. మీ బొమ్మలో నీళ్ళ జాడ కనిపిస్తే దాచకూడదు.
3. ఆ నడకల చప్పుడు మా అమ్మది. ఏ కంపెనీకీ అమ్మకూడదు.
4. ఈసారి పెట్టెను ఆమె సమాధి పక్కన పెట్టాలి. పలకలు మేమే తెస్తాం.