మీసాలు చూడాలా, ఇల్లు చూడాలా?

సెప్టెంబరు 7, సోమవారం

ఇది రాయకుండా ఊరుకునేవాణ్ణే. కానీ పురుగులు ఇంటికొచ్చేశాయి.

క్యాడిస్ ఈగ అని ఒకటుంది. పేరుకే ఈగ, చూస్తే చిన్న రెక్కలపురుగు. దాని పిల్ల నీటి అడుగున ఇసుకో, ఆకో, గడ్డో నోటి జిగురుతో అతికించి గొట్టంలాంటి ఇల్లు కట్టుకుని, మోసుకు తిరుగుతుంది! ఫ్యాక్టరీ స్టోర్సులో నాతో పనిచేసిన వెంకటేశం, నేనూ కలిసి కొండాపూర్‌లో అతని పొలం కాలువలో వీటిని పట్టాం.

సంకల్పం: వీటిని కుటుంబాలుగా విడదీసి, ఆదివారం పార్కులో వాకింగు మిత్రులకు చూపించాలి.

"పురుగులకు గూడ ఇంటిపేర్లు పెడుతున్నవా ఏంది సారూ?" అన్నాడు వెంకటేశం.

మా ఆవిడ నాగేశ్వరి పచ్చడి సీసాలిచ్చింది, షరతు మీద. "హార్మోనియం అయింది, ఉర్దూ అయింది. ఇదీ మధ్యలో వదిలేశారో, ఇక జన్మలో కొత్త పిచ్చి మొదలుపెట్టకూడదు."

ఒప్పుకున్నాను. నాకేం భయం!

8, మంగళవారం

సాధించాను! ముప్పయ్యేళ్లు డబ్బా చూసి సరుకు చెప్పినవాణ్ణి. ఒక సీసాలో ఇసుక ఇళ్లవాళ్లు, ఒకదాంట్లో ఆకు ఇళ్లవాళ్లు, ఇంకోదాంట్లో గడ్డి ఇళ్లవాళ్లు. మూడు కుటుంబాలు. ఇంతోటి దానికి నేను కొన్న పురుగుల పుస్తకం అంత లావెందుకో!

10, గురువారం

వాన. మోకాలి నొప్పి. మిరపకాయ బజ్జీలు. (బజ్జీకి శనగపిండి ఎంత జారుగా ఉండాలన్నది వేరే శాస్త్రం. అదీ రాయాలి ఎప్పుడైనా.) పురుగుల జోలికి పోలేదు.

11, శుక్రవారం

ఘోరం!

నీళ్లు మారుస్తూ నాగేశ్వరి, ఇల్లు ఊడిపోయిన ఆకు పురుగునొకదాన్ని పొరపాటున ఇసుక సీసాలో వేసింది. సాయంత్రానికి అది ఒళ్లంతా ఇసుక ఇల్లు కట్టేసుకుంది. దత్తత పోయినట్టు!

పుస్తకం తీశాను. "ఇల్లు చూసి మోసపోవద్దు, దొరికినదానితో కట్టుకుంటాయి" అని ముందుమాటలోనే ఉంది. ముందుమాటలు చదివే అలవాటు నాకు లేదు.

వెంకటేశానికి ఫోన్ చేస్తే ఒకటే నవ్వు. "గట్లయితె, రేపు నేను తెల్లాపూర్ల ఫ్లాటుకు కిరాయికి పోతె నా ఇంటిపేరు మారుతదా సారూ?"

12, శనివారం

రేపటి కార్యక్రమం వాయిదా. గొంతు బాగాలేదని మిత్రులకు చెప్పాను. గొంతు బాగానే ఉంది.

"అయితే సీసాలు కడిగెయ్యనా?" అంది నాగేశ్వరి, చాలా మెత్తగా.

"ఒక్కరోజాగు."

13, ఆదివారం

పొద్దున్నే వంటింటి గోడ మీద, రెక్కలొచ్చి సీసాలోంచి బయటపడినదొకటి! మీసాలు ఒంటికి రెండింతలు. పుస్తకం తిప్పాను. పొడుగు మీసాల కుటుంబం, లెప్టోసెరిడే. దొరికింది ఇంటిపేరు!

నాగేశ్వరి కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది. "అబ్బ, ఆ కాస్త ఒంటికి అంతేసి మీసాలా!"

"నేనేం వదిలెయ్యలేదోయ్. మళ్లీ మొదలుపెడుతున్నాను. ఈసారి ఇళ్లు కాదు, మీసాలు."

"కొత్త పిచ్చి కాదు కదా?"

"పాతదే."

"వచ్చే ఆదివారం దాకా. ఆపైన సీసాలు నావి."

బొమ్మ గీద్దామని భూతద్దం కోసం గదిలోకి వెళ్లాను. వచ్చేసరికి బల్లి తినేసింది.