అన్న చెయ్యెత్తు గూడు

వదినా,

చెక్కకు గాడి కొట్టే రౌటర్ మిషన్ కోసం జగిత్యాల పోతున్న. పొద్దుమీకంగ అస్త. దుకాణంల కొత్త గూళ్లకు జిగురు పచ్చిగున్నది, అప్పటిదాక ఏం పెట్టకు.

అన్న కొందామన్న పెద్ద రౌటర్ తెస్తలేను. అది నడిపిస్తుంటే చెక్క అవుతలి కొస ఇంకొకలు పట్టాలె. అన్న లేకపాయె. ఒక్క చేత్తోటి పట్టే చిన్నదే తెస్త.

పై గూడు నాకు అందుతలేదు. అన్న చెయ్యెత్తినకాడ గోడకు పెన్సిల్ గీత ఉన్నది గద, ఎప్పటిలెక్కనే దాన్ని పట్టి కొట్టిన. మొత్తం అయినంక సోయికచ్చింది, అందుకునేటోడే లేడని.

బువ్వ తిను. నిన్న కూడ తినలే నువ్వు.

గంగాప్రసాద్

గా గూడు ఊడదీద్దామంటే చెయ్యి రాలే. జిగురు ఎండినంక పీట ఏసుకొని అన్న ఉలులు అండ్ల పెట్టు. మనకు అందకున్నా మంచిదే.