డొల్ల చప్పుడు

కుప్పం, జూన్ 9

ప్రియమైన కృష్ణప్ప బావకు,

ఆరేండ్ల తర్వాత రాస్తాండాను. ఫోన్ చేస్తే ఎత్తవు, అందుకే జాబు. మాటలు లేకపోయినా, కీర్తన టెన్త్ పాసైనప్పుడు మేనమామగా నువ్వు చేసి పంపిన బీరువా ఉంది గదా. దాని తలుపు మీద అతికిన పలచని టేకు పొర, వెనీర్, బొబ్బలు లేచింది. వాన తగల్లేదు, ఎండ పడలేదు. నేనే సరిచేసేవాణ్ణి. మీ చెల్లెలు ఒప్పుకోలేదు. "చేసినోడే చెప్పాల, రాయి" అని కూర్చోబెట్టింది.

సుబ్రమణ్యం

పుంగనూరు, జూన్ 15

ప్రియమైన సుబ్రమణ్యానికి,

మంగమ్మ, కీర్తన బాగుండారని తలుస్తాను. తలుపు ఊడదీసి నేల మీద పరుచు. అంతా గోరుతో తట్టు. డొల్లగా పలికిందంటే ఆడ జిగురు పట్టలేదని, ఆ చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టు. బొబ్బను నార వెంబడే బ్లేడుతో కోయి, అడ్డంగా కోస్తే మచ్చ పడుతుంది. సిరంజీతో జిగురు ఎక్కించి, కాగితం పరిచి, వెచ్చని ఇస్త్రీ పెట్టెతో అద్దు. పైన సన్నికల్లు పెట్టి ఒక రోజు కదపొద్దు.

నేను రాలేను. పని ఉండాది.

కృష్ణప్ప

కుప్పం, జూన్ 21

బావకు,

నాకు తెలిసిన పనే మళ్లీ నేర్పినావు. సరే, తట్టినాను. బొబ్బలు మూడే, డొల్ల మాత్రం సగం తలుపు. మంగమ్మ కూడా చెవి ఆనించి వినింది. "మా అన్న తట్టకుండా ఏదీ బయటికి పంపడే. దీన్ని ఎట్ల పంపినాడు?" అనింది.

మనిద్దరం పని చేసిన మదనపల్లె షాపులో జిగురు పూసేది నేను, తట్టేది నువ్వు. నువ్వు సరేనంటేనే సరుకు గడప దాటేది. కల్యాణమండపం టేబుళ్లకు వెనీర్ లేచినప్పుడు, "నేను తట్టినప్పుడు గట్టిగానే ఉండింది, వీడు జిగురులో నీళ్లు కలిపినాడు" అని అందరి ముందర అన్నావు. నేను సంచి తీసుకుని వచ్చేసినాను. మంగమ్మ ఆ పొద్దు నుంచి పుట్టింటికి రాలేదు.

ఈ బీరువాకు జిగురు పూసింది నేను కాదు బావా. దీన్ని ఎవరు చెడగొట్టినారు?

సుబ్రమణ్యం

పుంగనూరు, జూలై 4

ప్రియమైన సుబ్రమణ్యానికి,

మూడుసార్లు రాసి చించేసినాను.

టేబుళ్లు, బీరువా రెండూ చెడగొట్టింది నేనే. చెక్క కోసే మిషన్ పక్కన ముప్పై ఏండ్లు నిలబడి చెవులు పోగొట్టుకున్నాను. మదనపల్లెలో ఉన్నప్పుడే డొల్ల చప్పుడు వినపడేది కాదు. తడతా నీ మొహం చూసేవాణ్ణి. డొల్ల పలికితే నీ కనుబొమ్మలు ముడిపడేవి, ఆడ ఆపేవాణ్ణి. టేబుళ్ల రోజు కీర్తనకు జ్వరమని నువ్వు ఇంటికి పోయినావు. లారీ వచ్చి నిలబడింది. ఊరికే తట్టి సరేనన్నాను.

జిగురు అక్కడక్కడా అందకపోవడం ఎవరి చేతిలోనైనా జరుగుతాది. పట్టుకోవాల్సింది నేను. చెవిటోడని తెలిస్తే పని పోతాదని నీ మీద వేసినాను. బీరువా ఒంటరిగా చేసినాను. చూసుకునేదానికి నీ మొహం లేదు.

ఫోన్ మోగినా నాకు తెలీదు.

నిన్న మదనపల్లె పోయినాను. ఆ పొద్దు విన్నవాళ్లలో ముగ్గురు ఇంకా షాపులోనే ఉండారు. ఓనరును, వాళ్లను పిలిచి చెప్పినాను. ఎవరూ తిట్టలేదు. తిట్టినా వినపడలేదేమో.

ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. మంగమ్మ లోపలికి రావొద్దంటే వసారాలోనే పని చేసి పోతాను. తలుపు కోయొద్దు. ఇస్త్రీ పెట్టె నేను పట్టుకుంటాను, నువ్వు తట్టు. డొల్ల పలికితే చెయ్యెత్తు. నేను చూస్తాంటాను.

నీ బావ,
కృష్ణప్ప