మన ఫీడర్‌కు కరెంటు పంపాను

బాపూ,

కల్వకుర్తి దగ్గరి సబ్‌స్టేషన్‌లో అప్రెంటిస్‌గా చేరి నెల దాటింది. ఎలక్ట్రికల్ చదివినదాన్నే అయినా, ఇక్కడ నిలబడితే ట్రాన్స్‌ఫార్మర్ల మోత అరికాళ్ల నుంచి గుండెలోకి పాకుతుంది.

ఈ పొద్దున రిపేరు కోసం ఆపిన ఫీడర్‌ను, అదే మన ఊరికి కరెంటు తీసుకెళ్లే లైన్‌ను, ఇక్కడి ఆపరేటర్ ఖాదర్ సార్ నా చేత ఆన్ చేయించారు.

"భయపడకు బిడ్డా, గట్టిగ తిప్పు."

స్విచ్చు తిప్పాను. లైన్‌ను కలిపే బ్రేకర్ దభీమని పడింది. ఊళ్లో కరెంటు వాడకం చూపే మీటరు ముల్లు సున్నా నుంచి ఒక్క ఎగురు ఎగిరింది. ఏదో తప్పు చేశాననుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

సార్ నవ్వారు. "గవన్నీ బోరు మోటర్లే. అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నరు గద, కరెంటు రాంగనే అన్నీ ఒక్కసారే లేస్తయ్."

నువ్వు పోయాక కూడా, నువ్వు బిగించిన ఆటో స్టార్టర్‌ను అమ్మ తీయనివ్వలేదు. అంటే మన బోరు కూడా ఆ ముల్లులో ఉంది. ఇక్కడ కనుచూపు మేరలో ఒక్క మడి లేదు. అయినా ఊరందరి మడుల్లోకి దూకుతున్న నీళ్లను నేను ఆ ముల్లులోనే చూశాను.

ఆ స్టార్టర్ బిగించకముందు, బోరు దగ్గర బండ మీద కూర్చుని కరెంటు కోసం ఎదురుచూసేవాడివి. రాగానే మోటరు వేసి, ఇంటిదాకా వినపడేలా "కరెంటొచ్చిందీ!" అని అరిచేవాడివి. ఎవరు పంపేవారో మనకు తెలియదు.

ఇవాళ నేను పంపాను బాపూ.