బట్టల కత్తెర

అయితుతాకి దీవి,
మంగళవారం

అమ్మాయ్ అకాయితీ,

నీ కొడుక్కి తొలిసారి జుట్టు తీసే పండగ కదా, వాడి కుర్చీ మీద పరవడానికి గుడ్డలో మందారపూలు కత్తిరించి నేను కుట్టిన బొంత పంపుతున్నాను. “అత్తా, నీ కత్తెర కూడా పంపు, చుట్టాలంతా దాంతోనే తలో పాయ కత్తిరిస్తారు” అని రాశావు. ఎంత ధైర్యమే నీకు! గుడ్డ తప్ప మరొకటి ముట్టని కత్తెర అది. దాంతో గాలం తాడు కోశాడని మీ మామయ్యతో పదిరోజులు మాట్లాడలేదు. “నీకు మొగుణ్ణి నేనా, అదా?” అని అరిచాడు. “అదే” అన్నాను.

సరే, బొంతలో చుట్టిపెట్టాను. బొంత మీద ఒక రేక వంకరగా తెగింది చూడు. సుద్దగీత నాకు కనపడలేదే తల్లీ.

పండగయ్యాక సానపట్టించి, కత్తెర నువ్వే ఉంచుకో. మీ ఆయన గాలం తాడు పట్టుకొస్తే ఏం చెప్పాలో నీకు తెలుసు.

నీ అత్త